యుద్ధంలో కూలిన నగరంలో మళ్ళీ ఇల్లు కట్టడం ఎలా

తిరుపతి, చిత్తూరు చుట్టుపక్కల కళాశాలల్లో సివిల్ ఇంజనీరింగ్ చదివి బయటికి వచ్చే పిల్లల్లో కొందరైనా ఏదో ఒక రోజు యుద్ధం నలగ్గొట్టిన నగరంలో పనికి కుదురుతారు. గల్ఫ్‌లో ఉద్యోగానికి వెళ్ళినవాళ్ళకు ఇరాక్, సిరియా దూరం కాదు. సముద్రం అవతల శ్రీలంకలో ఉన్న కిలినొచ్చి, ముల్లైతీవు మనకు అంతకన్నా దగ్గర. 2022లో ఆపరేషన్ గంగ విమానాల్లో ఉక్రెయిన్ నుంచి తిరిగివచ్చిన తెలుగు వైద్య విద్యార్థులు ఖార్కివ్ మెట్రో స్టేషన్లలో, అపార్ట్‌మెంట్ల నేలమాళిగల్లో గడిపిన రాత్రుల గురించి చెబుతుంటే, ఇల్లు అన్న మాటకు తరగతి గదిలో మేము చెప్పే అర్థం ఎంత చిన్నదో నాకు తెలిసివచ్చింది. అలాంటి నగరాలకు ఇల్లు ఎలా రూపొందించాలో, ఆ పనిని తిరుపతిలోనే ఉండి ఎలా సాధన చేయవచ్చో ఇక్కడ రాస్తున్నాను.

గట్టి ఇల్లు అనగానే మందపాటి గోడలు, లావుపాటి పిల్లర్లు మన కళ్ళముందు మెదులుతాయి. చంద్రగిరిలో ఒక పాత మిద్దె ఇంటికి సున్నం పూత వేస్తున్న బేల్దారి మేస్త్రిని మా విద్యార్థులు ఒకసారి "ఈ గోడ ఎన్నాళ్ళు ఉంటుంది?" అని అడిగారు. ఆయన తాపీని గోడకు ఆనించి, "గోడ పగల్తే మల్లా కట్టుకోవచ్చు నాయనా. అది ఎట్ట కట్టినారో తెలిసినోడు ఊర్లో ఉండాల" అన్నాడు. ఆ పక్కనే కోటలో, ఎక్కడా కలప వాడకుండా రాయి, ఇటుక, సున్నంతోనే లేపిన రాజమహల్ నిలబడి ఉంది. యుద్ధం చూసిన నగరానికి ఇల్లు గీసేటప్పుడు నేను వాడే కొలబద్ద ఆ మేస్త్రి చెప్పిన మాటే. దెబ్బ తగలని ఇల్లు ఎవరూ కట్టలేరు. దెబ్బ తగిలాక లోపలున్నవాళ్ళను బతికించి, ఆ వీధిలో దొరికే వస్తువులతో, ఆ వీధి మేస్త్రి చేతుల మీదుగా మళ్ళీ బాగుపడే ఇల్లు మాత్రం కట్టగలం.

గీత గీయకముందు

యుద్ధం ఆగిన చోట మొట్టమొదటి చిక్కు సిమెంటుతో రాదు, కాగితంతో వస్తుంది. ఇంటి దస్తావేజులు కాలిపోయి ఉంటాయి, రిజిస్ట్రారు కార్యాలయం కూలిపోయి ఉంటుంది, ఖాళీ అయిన ఇంట్లో వేరే ఊరి నుంచి ప్రాణాలు అరచేత పట్టుకుని వచ్చిన ఇంకో కుటుంబం కాపురం ఉంటుంది, భర్త పేరు మీదున్న ఇంటికి తానే వారసురాలినని భార్య రుజువు చేసుకోలేకపోతుంది. బోస్నియాలో యుద్ధాన్ని ముగించిన 1995 డేటన్ ఒప్పందంలోని ఏడవ అనుబంధం, ఇళ్ళు విడిచి వెళ్ళినవాళ్ళందరికీ వాటిని తిరిగి పొందే హక్కు ఇచ్చింది. ఆ తర్వాతి పదేళ్ళలో సుమారు రెండు లక్షల ఆస్తి దరఖాస్తులను పరిష్కరించారు. లెబనాన్ రాజధాని బేరూత్ నడిబొడ్డున జరిగింది దీనికి భిన్నం. 1975 నుంచి 1990 దాకా సాగిన అంతర్యుద్ధం తర్వాత, ఆ ప్రాంత పునర్నిర్మాణాన్ని 1994లో ఏర్పడిన సొలిడేర్ అనే ఒకే ప్రైవేటు కంపెనీకి అప్పగించారు. పాత యజమానుల్లో ఎక్కువమందికి ఇంటికి, కొట్టుకు బదులుగా ఆ కంపెనీ వాటాలు దక్కాయి. కట్టడాలు అందంగానే లేచాయి గానీ, ఆ వీధుల్లో ఒకప్పుడు బతికినవాళ్ళకు అక్కడ చోటు లేకపోయింది. కట్టినది ఎంత పటిష్ఠంగా ఉన్నా, దాన్ని నేను పునర్నిర్మాణం అనలేను.

అందుచేత మీరు మొదట తయారు చేయవలసినది ఇంటి ప్లాను కాదు, వీధి పటం. మన దస్తావేజుల్లో చెక్కుబంది రాస్తాం కదా: తూర్పున ఫలానావారి ఇల్లు, పడమర వీధి, ఉత్తరాన బావి. కాగితాలు పోయినచోట ఆ చెక్కుబంది ఇరుగుపొరుగుల జ్ఞాపకంలోనే మిగిలి ఉంటుంది. వాళ్ళను ఒకచోట కూర్చోబెట్టి, నేల మీద పెద్ద కాగితం పరిచి, ఎవరి ఇల్లు ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసేదో వాళ్ళ చేతనే గీయించాలి. ఆడవాళ్ళతో విడిగా కూడా కూర్చోవాలి, ఎందుకంటే మగవాళ్ళు గీసిన పటంలో అద్దెకున్న వితంతువుల గదులు, వెనక పెరట్లో కాపురమున్న ఆడబిడ్డల వాటాలు తరచూ కనిపించవు. ఈ పనిని ఇక్కడే నేర్చుకోవచ్చు. గోవిందరాజస్వామి ఆలయం చుట్టూ ఉన్న పాత వీధుల్లో ఒకదాన్ని ఎంచుకుని, ముగ్గురు పెద్దవాళ్ళ చేత విడివిడిగా ముప్పై ఏళ్ళ కిందటి పటం గీయించండి. మూడూ ఒకదానితో ఒకటి కలవవు. కలవని ఆ చోట్లే రేపు మీరు వెళ్ళబోయే నగరంలో తగాదా పుట్టే చోట్లు. వాటిని సర్దుబాటు చేయకుండా పునాది తవ్వకూడదు.

అదే వీధిలో ఇంకొకటి గమనించండి. ముందు గదిలో పూల కొట్టో, కుంకుమ, పసుపు అమ్మే కొట్టో ఉంటుంది, వెనక గదుల్లో కాపురం ఉంటుంది. ఆ కుటుంబానికి ఊరి బయట పది కిలోమీటర్ల దూరంలో పక్కా ఇల్లు ఇస్తే ఇల్లు వస్తుంది, బతుకుతెరువు పోతుంది. యుద్ధం తర్వాత ప్రభుత్వాలు త్వరగా పని ముగించాలని ఖాళీ స్థలాల్లో వరసలు వరసలుగా కాలనీలు కడతాయి. వీలైనంత వరకు పాత వీధిలోనే కట్టాలని మీరు పట్టుపట్టాలి.

శిథిలాలే మొదటి ముడిసరుకు

శిథిలాల గుట్ట మీద కాలు పెట్టే ముందు, పేలని బాంబులను వెతికి తీసే బృందం ఆ చోటును పరిశీలించి రాతపూర్వకంగా అనుమతి ఇవ్వాలి. ఐక్యరాజ్యసమితిలో ఈ పనికి ప్రత్యేక విభాగమే ఉంది. ఈ నియమానికి ఏ కారణం చేతా సడలింపు లేదు. ఇంటి యజమాని తన వంటపాత్రల కోసం ఎంత బతిమాలినా సరే, అనుమతి రానిదే ఒక్క ఇటుక కూడా కదపకూడదు. రెండవది ఆస్బెస్టాస్. మన ఊళ్ళలో ఇప్పటికీ కనిపించే పాత సిమెంటు రేకుల్లాంటివే ఆ నగరాల పైకప్పుల్లోనూ, గొట్టాల్లోనూ ఉంటాయి. అవి పగిలితే కంటికి కనిపించని పోగులు గాలిలో లేచి ఊపిరితిత్తుల్లో చేరి, ఎన్నో ఏళ్ళ తర్వాత ప్రాణం తీసే జబ్బులు తెస్తాయి. వాటిని నీళ్ళతో తడిపి, విరగ్గొట్టకుండా, మందపాటి ప్లాస్టిక్ షీట్లో చుట్టి వేరుగా పెట్టాలి.

ఇక పరిమాణం. సిరియాలోని అలెప్పో నగరంలో సుమారు 1.5 కోట్ల టన్నుల శిథిలాలు ఉన్నాయని ప్రపంచ బ్యాంకు 2017లో అంచనా వేసింది. మన టిప్పరు ఒక్కొక్కటి పది టన్నులు మోస్తుందనుకుంటే 15 లక్షల ట్రిప్పులు కావాలి. వంద టిప్పర్లు రోజుకు ఐదేసి ట్రిప్పులు తోలినా 3,000 రోజులు, అంటే ఎనిమిదేళ్ళ పైమాట. ఇదంతా ఊరి బయట పారబోసి, దాని స్థానంలో కొండలు తొలిచి కొత్త కంకర, ఏర్లు తవ్వి కొత్త ఇసుక తేవడం డబ్బు దండగే కాక, ఆ నేలకు రెండోసారి చేసే గాయం. స్వర్ణముఖిలో ఇసుక తోడితే పక్క ఊళ్ళ బోర్లు ఏమవుతాయో మనకు ఎవరూ చెప్పనక్కరలేదు.

పోలండ్ రాజధాని వార్సా ఈ విషయంలో మంచి పాఠం. 1944లో తమ మీద లేచిన తిరుగుబాటును అణచివేశాక నాజీ సైన్యం ఆ నగరాన్ని పద్ధతి ప్రకారం కూల్చివేసింది. చారిత్రక కేంద్రంలో 85 శాతానికి పైగా నాశనమైంది. యూదులను నిర్బంధించిన ఘెట్టో ఉన్న మురనూవ్ ప్రాంతంలో శిథిలాలను పూర్తిగా తొలగించడం అసాధ్యమైంది. వాస్తుశిల్పి బోహ్దాన్ లాహెర్త్ ఆ శిథిలాలను పొడి చేయించి, సిమెంటుతో కలిపి దిమ్మలు పోయించి, మిగిలిన గుట్టల మీదనే మెట్లు మెట్లుగా కొత్త నివాసాలు లేపించారు. ఆ గుట్టల కింద మనుషులు కూడా ఉన్నారు. అలాంటి చోట పని చేసేటప్పుడు, అవశేషాలు బయటపడితే పని ఆపి ఎవరికి తెలియజేయాలో, ఏ మతాచారం ప్రకారం అప్పగించాలో ముందే రాసిపెట్టుకోవాలి. కూలీలకు కూడా అది చదివి వినిపించాలి.

శిథిలాలను వేరు చేయడానికి ఒక వరస ఉంది. మొదట తలుపులు, కిటికీలు, దూలాలు. తర్వాత చెక్కిన రాళ్ళు, చెక్కుచెదరని ఇటుకలు. ఆ తర్వాత ఇనుము. చివరికి కాంక్రీటు పెళ్ళలు, వాటి కింద మిగిలే పొడి. వంగిన కడ్డీలను సుత్తితో సాపు చేసి మళ్ళీ పిల్లర్లలో పెట్టాలన్న ఆశ అందరికీ కలుగుతుంది. అది వద్దు. ఒకసారి వంగి, మంటలో కాగి, మళ్ళీ సాపు చేసిన కడ్డీ ముందులా సాగదు, తెగుతుంది. దాన్ని పాత ఇనుముగా అమ్మి ఆ డబ్బుతో కొత్తది కొనండి. ఇరాక్‌లోని మోసుల్ పాతనగరంలో ఇంకొక జాగ్రత్త అవసరం: అక్కడి పాత ఇళ్ళను జిప్సంతో కట్టారు. ఆ తెల్లటి ముక్కలు కంకరలో కలిసి కొత్త కాంక్రీటులోకి పోతే, సిమెంటుతో చర్య జరిగి, కొన్నాళ్ళకు కాంక్రీటు ఉబ్బి పగులుతుంది. చేత్తో ఏరవలసిందే.

పాత కాంక్రీటును ఆడించి తీసిన కంకరను ఎంత వాడవచ్చో మన భారతీయ ప్రమాణం ఐఎస్ 383, 2016 సవరణలో స్పష్టంగా చెప్పింది: ఎం25 అనే బలం స్థాయి వరకు ఉన్న ఇనుప కడ్డీల కాంక్రీటులో 20 శాతం, కడ్డీలు లేని కాంక్రీటులో 25 శాతం, పునాది అడుగున వేసే బలహీనమైన బెడ్డు కాంక్రీటులో నూటికి నూరు శాతం. కాబట్టి పిల్లర్లకు, బీములకు ఎక్కువగా కొత్త కంకరే. నేల, బెడ్డు, నడవలు, పేవరు దిమ్మలు, గోడ దిమ్మలు మాత్రం ధారాళంగా పాత సరుకుతో చేయవచ్చు. పాత కంకరకు అంటుకున్న సిమెంటు నీళ్ళు తాగుతుంది. కలిపే ముందు దాన్ని తడిపి ఉంచకపోతే మాలు గట్టిపడి మేస్త్రి మళ్ళీ నీళ్ళు పోస్తాడు, దానితో బలం పోతుంది.

పాత ఇటుకల పరీక్షను మీ ఇంటి వెనకే చేయవచ్చు. ఊరి చివర రోడ్ల పక్కన కూల్చిన ఇళ్ళ సరుకు గుట్టలుగా పడి ఉంటుంది. అందులోంచి పది ఇటుకలు తెచ్చుకోండి. అంటుకున్న సున్నాన్ని గీకేసి, రెండేసి ఇటుకలను ఒకదానితో ఒకటి కొట్టి చూడండి. గంట మోగినట్టు ఖణేల్‌మంటే మంచిది, మట్టి కుండ మూతలా మొద్దుగా మోగితే పక్కన పెట్టండి. మేకుతో గీస్తే గాడి లోతుగా పడకూడదు. తర్వాత ఎండబెట్టి తూచి, ఒక రోజు పూర్తిగా బకెట్లో నానబెట్టి, తడి తుడిచి మళ్ళీ తూచండి. 2.8 కిలోల ఇటుక 3.22 కిలోలైతే 15 శాతం నీళ్ళు తాగినట్టు. మన ప్రమాణం సాధారణ ఇటుకలకు 20 శాతం వరకు ఒప్పుకుంటుంది. అంతకు మించితే బరువు మోసే గోడకు పనికిరాదు. పదిలో ఎన్ని నిలిచాయో రాసుకోండి. ఆ లెక్కే మీ డిజైనులో పాత ఇటుక వాటా ఎంతో చెబుతుంది.

నిలిచి ఉన్నదాన్ని ముందు చూడండి

సగం కూలిన ఇంటిని చూడగానే మొత్తం పడగొట్టి కొత్తది కట్టాలనిపిస్తుంది. నిలిచి ఉన్న పునాదిలో, గోడల్లో అప్పటికే ఖర్చయిన సిమెంటు, ఇనుము, కూలి ఉన్నాయి. లోకంలో వెలువడే బొగ్గుపులుసు వాయువులో 7 నుంచి 8 శాతం సిమెంటు తయారీ నుంచే వస్తోంది కాబట్టి, నిలబెట్టుకోగలిగిన ప్రతి గోడా పర్యావరణానికి చేసిన మేలే. పైగా మరమ్మతయిన ఇంట్లోకి కుటుంబం నెలల్లో చేరుతుంది, కొత్త ఇంటికి ఏళ్ళు పడుతుంది. మోసుల్‌లో 2018లో మొదలైన యునెస్కో పునరుద్ధరణ కార్యక్రమంలో పాతనగరపు ఇళ్ళు 124 తిరిగి నిలబడ్డాయి. స్థానిక మేస్త్రులకు, యువతకు ఆ పాత పనితనం నేర్పుతూ ఆ పని సాగింది.

ఏ ఇల్లు నిలుస్తుందో తేల్చడానికి కొన్ని గుర్తులు. మంటకు గురైన కాంక్రీటు సుమారు 300 డిగ్రీలు దాటితే చాలా రకాల కంకరలో గులాబీ రంగుకు తిరుగుతుంది. 600 దాటితే తెల్లబారిన బూడిద రంగు వస్తుంది. పై పెళ్ళను ఉలితో కొంచెం ఊడగొట్టి రంగు ఎంత లోతుకు పోయిందో చూడాలి. ఆ లోతు కడ్డీ దాకా వెళ్ళకపోతే చెడిన భాగం తీసేసి కొత్తగా పోయవచ్చు. స్లాబు కింద ఈ గోడ నుంచి ఆ గోడకు తాడు బిగించి కడితే మధ్యలో ఎంత కుంగిందో కంటికి కనిపిస్తుంది. మూలల దగ్గర రెండు గోడలు విడిపోయాయా, పిల్లరు పైనా కిందా ఏటవాలు పగుళ్ళు ఉన్నాయా అన్నవి చూడాలి. ఇంటిని మూడు తరగతుల్లో ఒకదానిలో చేర్చండి: ఇప్పుడే ఉండవచ్చు, మరమ్మతయ్యాక ఉండవచ్చు, ఉండకూడదు. మూడో తరగతిలో పెట్టినప్పుడు ఎందుకు పెట్టారో యజమానికి ఆయన భాషలో, గోడ దగ్గర నిలబెట్టి, వేలు పెట్టి చూపించాలి. తన ఇల్లు ఉండడానికి పనికిరాదని ఒక ఎర్ర గుర్తు ద్వారా తెలుసుకోవడం ఎవరికీ న్యాయం కాదు.

ఒక చోట దెబ్బ తగిలితే అంతా కూలకూడదు

1968 మే 16న లండన్‌లో రోనన్ పాయింట్ అనే 22 అంతస్తుల భవనంలో, 18వ అంతస్తులో గ్యాస్ పేలింది. పేలుడు చిన్నదే. కానీ ఒక గోడ పలక బయటికి తోసుకుపోగానే దాని మీది అంతస్తులు ఆధారం లేక పడ్డాయి, ఆ బరువుకు కింది అంతస్తులూ పడ్డాయి. భవనం మూల మొత్తం పైనుంచి కిందిదాకా జారిపోయి నలుగురు చనిపోయారు. కర్మాగారంలో పోసి తెచ్చిన కాంక్రీటు పలకలను పేకముక్కల్లా ఒకదాని మీద ఒకటి నిలబెట్టి, గట్టి ముడి వేయకపోవడమే అందుకు కారణం. ఖార్కివ్‌లో 2022లో ఫిరంగి దెబ్బలు తిన్న ఉత్తర సాల్తివ్కాలోనూ సోవియట్ కాలపు పలకల భవనాలే వరసలుగా ఉన్నాయి. ఏ పద్ధతిలో కట్టినా మీ డిజైను చూడవలసింది ముడినే.

రెండు, మూడు అంతస్తుల ఇటుక ఇళ్ళకు భూకంపాల కోసం మనం నేర్చుకున్నదే ఇక్కడా అక్కరకు వస్తుంది. పునాది పైన, తలుపులు, కిటికీల పైనుండే లింటెల్ మట్టంలో, కప్పు కింద ఇంటి చుట్టూ తెగకుండా తిరిగే కాంక్రీటు పట్టీలు వేసి, మూలల్లో నిలువు కడ్డీలు పెట్టి, ఆ కడ్డీలను పట్టీలకు కట్టాలి. ఐఎస్ 4326లో ఇవన్నీ బొమ్మలతో సహా ఉన్నాయి. అప్పుడు ఒక గోడలో బొక్క పడినా, పై భాగం పట్టీ మీద వేలాడి నిలుస్తుంది, లోపలివాళ్ళు బయటపడే వ్యవధి దొరుకుతుంది.

పిల్లర్ల ఇళ్ళలో అసలు కీలకం నిలువు కడ్డీల చుట్టూ కట్టే రింగుల దగ్గర ఉంటుంది. చిత్తూరులోనైనా, తిరుపతిలోనైనా పని జరుగుతున్న ఏ సైటుకైనా వెళ్ళి రింగు కొసలు చూడండి. కొసను లంబకోణంలో వంచి వదిలేయడం తరచుగా కనిపిస్తుంది. ఐఎస్ 13920 ప్రకారం ఆ కొసను 135 డిగ్రీలు, అంటే పిల్లరు కడుపులోకి తిరిగేలా వంచాలి. లంబకోణంలో వంచిన రింగు, పై పెళ్ళ ఊడగానే విచ్చుకుంటుంది, నిలువు కడ్డీలు గొడుగు పుల్లల్లా బయటికి వంగుతాయి, పిల్లరు నలిగిపోతుంది. లోపలికి వంచిన రింగు పెళ్ళ ఊడినా కడ్డీలను వదలదు. అదనంగా పట్టే ఇనుము ఒక్కో కొసకు బెత్తెడు కూడా ఉండదు, కానీ దాని మీద ఒక కుటుంబం బతుకు ఆధారపడుతుంది. బీము, పిల్లరు కలిసే చోట రింగులను దగ్గర దగ్గరగా కట్టించండి. డిజైను పూర్తయ్యాక కంప్యూటరు నమూనాలో ఒక్కో పిల్లరునూ తీసేసి, మిగతాది నిలుస్తుందో లేదో చూడండి. కింద పార్కింగు కోసం గోడలే లేకుండా వదిలే పద్ధతిని అక్కడికి మోసుకెళ్ళకండి.

ఇంట్లో తలదాచుకునే చోటు గురించి నిజాయితీగా మాట్లాడాలి. నేరుగా బాంబు పడితే మామూలు ఇల్లు ఏదీ ఆగదు, ఆ మాట యజమానికి చెప్పాలి. దూరంగా పేలినదాని ఒత్తిడి నుంచి, ఎగిరివచ్చే ముక్కల నుంచి కాపాడడమే మన పరిధి. ఇజ్రాయెల్‌లో 1991 గల్ఫ్ యుద్ధం తర్వాత కొత్త ఇళ్ళలో కాంక్రీటు రక్షణ గదిని తప్పనిసరి చేశారు. ఉక్రెయిన్‌లో ఆశ్రయానికి వెళ్ళే వ్యవధి లేనివాళ్ళు రెండు గోడల నియమం పాటిస్తారు: బయటి గోడ దెబ్బను, లోపలి గోడ ముక్కలను ఆపుతాయని, ఆ రెండింటి వెనక కిటికీ లేని చోట కూర్చుంటారు. మీ ప్లానులో స్నానాల గదినో, నడవనో ఇంటి మధ్యకు తెచ్చి, కిటికీ పెట్టకుండా, చుట్టూ గట్టి గోడలు కట్టి, బయటికి రెండు దారులు ఉంచితే, మామూలు రోజుల్లో వాడుకలో ఉండే గదే ఆ రాత్రి ఆశ్రయమవుతుంది. ఎప్పుడూ భయాన్ని గుర్తుచేసే ప్రత్యేక గది కన్నా ఇది పిల్లలున్న ఇంటికి మేలని నా నమ్మకం.

గాజు గురించి తక్కువగా చెప్పుకుంటాం. 2020 ఆగస్టు 4న బేరూత్ రేవులో 2,750 టన్నుల అమ్మోనియం నైట్రేట్ నిల్వ పేలినప్పుడు, కిలోమీటర్ల దూరంలోని ఇళ్ళలో మనుషులను గాయపరిచినది కిటికీల గాజే. పెద్ద అద్దాల ముఖద్వారాలు వదిలేయండి. స్తోమత ఉంటే రెండు పొరల మధ్య పలచటి ప్లాస్టిక్ ఉన్న ల్యామినేటెడ్ గాజు, లేకపోతే ఉన్న గాజుకు లోపలి వైపు ఫిల్ము అంటించండి. చట్రాన్ని గోడలోకి ఇనుప పట్టీలతో బిగించండి, లేకుంటే చట్రమే ఎగిరివస్తుంది. తిరుపతి పాత ఇళ్ళలోని చెక్క రెక్కల కిటికీలు, వాటి వెనక ఇనుప ఊచలు ఎంత వివేకంగా చేసినవో అప్పుడు తెలుస్తుంది: రెక్కలు మూస్తే గాజు అవసరమే లేదు, తెరిస్తే గాలి, వెలుతురు.

నీళ్ళు, కరెంటు, ఎండ, చలి

బోస్నియా రాజధాని సరయేవో ముట్టడి 1992 ఏప్రిల్ నుంచి 1996 ఫిబ్రవరి దాకా 1,425 రోజులు సాగింది. కుళాయిలు ఎండిపోయిన ఆ రోజుల్లో నగరం మధ్యనున్న ఒక బీరు కర్మాగారం కింది ఊట దగ్గరికి జనం డబ్బాలతో నడిచివెళ్ళి, తుపాకీ గురి కింద నిలబడి నీళ్ళు పట్టుకున్నారు. ఇంటి గుమ్మం దాటకుండా కొన్నాళ్ళు గడిపే నీళ్ళు ఇంట్లోనే ఉండడం ఎంత పెద్ద రక్షణో దీన్ని బట్టి ఊహించవచ్చు. విపత్తు సహాయంలో పాటించే స్ఫియర్ ప్రమాణాల ప్రకారం మనిషికి రోజుకు కనీసం 15 లీటర్లు కావాలి. ఐదుగురికి 75 లీటర్లు, పది రోజులకు 750. అంటే నేలలో పూడ్చిన వెయ్యి లీటర్ల సంపు, దానికి చేత్తో కొట్టే పంపు. మోటారు ఒక్కటే పెడితే కరెంటు పోయిన రోజున సంపులో నీళ్ళు ఉండీ ప్రయోజనం లేదు. 50 చదరపు మీటర్ల మిద్దె మీద 10 మిల్లీమీటర్ల వాన పడితే, తరుగు పోను 400 లీటర్ల దాకా పట్టుకోవచ్చు. 2021 నవంబరు వానలకు తిరుపతి వీధులు ఏరులై పారినప్పుడు చుట్టూ నీళ్ళే, తాగడానికి మాత్రం ట్యాంకరు కోసం ఎదురుచూపులు. సంపు మూతను వరద మట్టానికి పైగా లేపాలన్నది ఆ వారంలో నేను నేర్చుకున్న పాఠం.

కరెంటు తీగలను రెండుగా విడదీయండి. దీపాలు, ఫోను చార్జింగు, చిన్న ఫ్యాను ఒక తీగ మీద. మిగతావి ఇంకో తీగ మీద. మొదటి తీగను మిద్దె మీది చిన్న సోలారు పలకకు, బ్యాటరీకి కలిపితే ఊరి సబ్‌స్టేషన్ పడిపోయినా ఇంట్లో వెలుగు ఉంటుంది.

మనకు బాగున్నది అందరికీ బాగుంటుందన్న పొరపాటు ఇక్కడే జరుగుతుంది. తిరుపతి మే నెల ఎండకు సరిపడే వసారా, గాలి పారే గదులు ఖార్కివ్ చలికాలంలో ఇంటిని గడ్డకట్టిస్తాయి. అక్కడ వెచ్చటి నీళ్ళు ఊరంతటికీ ఒకే చోటి నుంచి గొట్టాల్లో వస్తాయి. ఆ కేంద్రం దెబ్బతింటే వీధులకు వీధులే చల్లబడతాయి. గోడలకు మందపాటి వేడినిరోధక పొర, ఒక గదిలో కట్టెల పొయ్యికి పొగగొట్టం అక్కడ ఉండవలసినవి. మోసుల్‌లో వేసవి 45 డిగ్రీలు దాటుతుంది; మందపాటి గోడల మధ్య లోగిలి ఉన్న అక్కడి పాత ఇల్లు ఆ ఎండకు శతాబ్దాలుగా వెతికిన జవాబు. గోడ దిమ్మలకు మట్టి దొరికే చోట, ఆరోవిల్ ఎర్త్ ఇన్‌స్టిట్యూట్ దశాబ్దాలుగా నేర్పుతున్న అచ్చులో ఒత్తి చేసే మట్టి దిమ్మలు చూడండి: సుమారు 5 శాతం సిమెంటు, కాల్చే పని లేదు, నాలుగు వారాలు తడి ఆరకుండా చూస్తే చాలు. పుదుచ్చేరి పక్కనే కాబట్టి మన పిల్లలు బస్సెక్కి వెళ్ళి నేర్చుకోవచ్చు.

పెరిగే ఇల్లు, అందరూ తిరగగల ఇల్లు

డబ్బు ఎప్పుడూ సరిపోదు. పట్టణ పేదలకు మన ప్రభుత్వం కట్టించిన టిడ్కో ఇళ్ళు 300, 365, 430 చదరపు అడుగులు. యుద్ధం తర్వాతి ఇల్లు కూడా ఇంచుమించు అంతే ఉంటుంది. చిలీలోని ఇకీకే నగరంలో 2004లో వాస్తుశిల్పి అలెహాంద్రో అరవేనా బృందం 93 కుటుంబాలకు సగం ఇల్లు కట్టి ఇచ్చింది: కష్టమైన సగం, అంటే పునాది, ముఖ్య గోడలు, మెట్లు, వంటగది, స్నానాల గది. మిగతా సగానికి ఖాళీ వదిలి, ఎవరి వీలును బట్టి వారు నింపుకునేలా చేశారు. ఈ పద్ధతి నాకు నచ్చుతుంది, కానీ ఒక షరతు మీద: పై అంతస్తు బరువుకు సరిపడే పునాది మొదటే వేయాలి, ఎక్కడ పెంచవచ్చో ఎక్కడ పెంచకూడదో గోడ మీదే గుర్తు పెట్టాలి. మన మిద్దెల మీద ఆకాశానికి చూస్తూ తుప్పు పట్టే కడ్డీలను చూస్తూనే ఉన్నాం. వదిలే కడ్డీలకు సిమెంటు పాలు పట్టించి, బలహీనమైన కాంక్రీటుతో కప్పి ఉంచండి, రేపు ఆ కప్పును తేలికగా కొట్టేయవచ్చు.

శ్రీలంకలో 2009లో యుద్ధం ముగిశాక భారత ప్రభుత్వం చేపట్టిన 50,000 ఇళ్ళ పథకంలో ఎక్కువ భాగం యజమాని చేతుల మీదుగానే సాగింది. ఒక్కో కుటుంబానికి 5,50,000 శ్రీలంక రూపాయలు, పని సాగేకొద్దీ విడతలుగా నేరుగా అందాయి. మేస్త్రిని ఎంచుకున్నది, సరుకు బేరమాడింది ఆ కుటుంబమే. ఇలాంటి చోట ఇంజనీరు పని కాంట్రాక్టరును తరమడం కాదు. వారానికోసారి వెళ్ళి, పునాది, పట్టీలు, కప్పు అనే మూడు దశల్లో తప్పు జరగకుండా చూడడం, సిమెంటు ధర ఒక్కసారిగా పెరిగినప్పుడు విడత మొత్తం చాలడం లేదని పైవాళ్ళకు రాసి పంపడం.

యుద్ధం కాళ్ళు తీసుకుపోతుంది. తిరుపతిలో ఎముకల వైద్యం చేసే బర్డ్ ఆసుపత్రి వాకిట్లో ఒక పూట కూర్చుని, చక్రాల కుర్చీలు ఎక్కడ ఆగిపోతున్నాయో, ఎక్కడ తోసేవాళ్ళ అవసరం పడుతుందో చూడండి, ఏ పుస్తకమూ అంత బాగా చెప్పదు. తలుపు 900 మిల్లీమీటర్ల వెడల్పు, స్నానాల గదిలో కుర్చీ తిరగడానికి 1,500 మిల్లీమీటర్ల చోటు, కుర్చీ ఎక్కే వాలుదారికి ప్రతి అడుగు ఎత్తుకూ పన్నెండు అడుగుల పొడవు. ఇంటి మట్టం నేలకు 450 మిల్లీమీటర్లు ఎత్తు ఉంటే వాలు 5.4 మీటర్ల పొడవు కావాలి. ఇరుకు వీధిలో అది పట్టదు. వరద కోసం ఎత్తు పెంచాలి, కుర్చీ కోసం తగ్గించాలి. ఈ రెండింటి నడుమ ఏది ఎంతో ఆ ఇంటి మనుషులతో కూర్చుని తేల్చాలి. ఒకవేళ చోటు లేకపోతే రెండు మూడు ఇళ్ళకు కలిపి అరుగు మీదుగా ఒకే వాలు వేయవచ్చు.

తాళం చేతికిచ్చే రోజు

ఇల్లు అప్పగించేటప్పుడు తాళంతో పాటు ఒక కాగితం ఇవ్వండి. అందులో ఆ ఇంటి వాళ్ళ భాషలో, పెద్ద అక్షరాల్లో, బొమ్మలతో ఇవి ఉండాలి: ఏ గోడలు బరువు మోస్తాయి, వాటిలో తలుపు కోసం కూడా బొక్క పెట్టకూడదు, పట్టీలు ఏ ఎత్తులో తిరుగుతాయి, కడ్డీల మందం ఎంత, రింగుల దూరం ఎంత, సిమెంటు, ఇసుక, కంకర ఏ పాళ్ళలో కలిపారు, సున్నం ఎక్కడ వాడారు, నీళ్ళ గొట్టాలు, కరెంటు తీగలు ఏ దారిలో వెళ్ళాయి, వాల్వు ఎక్కడుంది, పై అంతస్తు ఏ పక్కకు పెంచవచ్చు. పని జరిగినన్నాళ్ళూ రోజూ ఫోటోలు తీసి ఉంచుకుంటే, పూత వేశాక కనిపించకుండా పోయిన కడ్డీలు కూడా ఆ కాగితంలో కనిపిస్తాయి. దానికి ల్యామినేషన్ చేయించి కరెంటు మీటరు పెట్టె తలుపు లోపలి వైపు అంటించండి. రెండో ప్రతిని ఆ గోడలు కట్టిన మేస్త్రి చేతికి ఇచ్చి, ఒకసారి పైకి చదివించి, అర్థం కాని చోట మళ్ళీ బొమ్మ గీసి ఇవ్వండి.